బొంత రోజా ఉన్న నెల

సూళ్లూరుపేటలో, శ్రీహరికోట రోడ్డు మీది పరుపుల అంగడి ముందు బండి ఆపి, భుజానున్న కెమెరా సంచీ దించుకుంటూ "ఈడ దబ్బనం అంటే ఎవరన్నా?" అని కిషోర్ బాబు అడగడం, లోపల పరుపు కుడుతున్న ముంతాజ్ చేతిలోని దబ్బనాన్ని పైకెత్తి "నేనే" అనడం దగ్గర కదా మనం ఆగాం! వారం రోజులుగా ఆ కుర్రాడు నోరు తెరుచుకునే ఉన్నాడు పాపం. ఇక మూయిద్దాం.

మూశాడు. మింగాడు. తరవాత నవ్వాడు.

"ఆంటీ, నేను గూడూరు నించి వస్తుండా. ఎండలో బండి తోలి తోలి ప్రాణం మీదికొచ్చింది. ఆటలొద్దు. మీ అబ్బాయిని పిలవండి."

"నాకు అబ్బాయి లేడు. అమ్మాయి ఉండాది. దానికీ నేనే దారి చూపిస్తుండా" అంది ముంతాజ్. దూది అంటిన చేతులు చీరకు తుడుచుకుని, కుట్టుబల్ల మీది ఫోను తీసి, తెర మీద ఒకచోట వేలు నొక్కింది.

ఆమె ఫోను ఒక్కసారిగా రంకె వేసింది. ఈనబోయే గేదె అరుపుకి శంఖం కలిపితే ఎలా ఉంటుందో అలాంటి రంకె. వెంటనే అంగడి వెనకున్న ఇంట్లోంచి అదే రంకె ఇంకొకటి వచ్చింది. దాని వెనకే "అమ్మా! చదువుకుంటుండా!" అని సానియా గొంతు.

కిషోర్ బాబు నవ్వు ఆరిపోయింది. ఆ రంకె అతనికి తెలుసు. 'ఏడుదిక్కులు' ఆట ఆడేవాళ్ళందరికీ తెలుసు. ఆటలో రెండు జంతువులు ఎదురెదురుగా నిలబడినప్పుడు ఒకరు కొమ్ము ఊదితే, అది అవతలివాళ్ళకి సలాం. ఆట మూసి ఉన్నా, ఫోను ఎక్కడున్నా మోగి తీరుతుంది, తీసి పలికేదాకా ఆగదు. ఒకసారి నాయుడుపేట కాలేజీలో, పాఠం మధ్యలో సానియా సంచీలోంచి మోగితే లెక్చరరు గారు కిటికీలోంచి తొంగి చూశారట, ఎవరి గేదె వచ్చిందోనని.

ఆ ఆట తెలియనివారికి రెండు ముక్కలు. అందులో తుపాకులూ యుద్ధాలూ ఏమీ లేవు. మనిషికో జంతువు. దాన్ని మేపాలి, మచ్చిక చేసుకోవాలి, ఎక్కి లోకం చూడాలి. మనం తొక్కని చోటు మన పటంలో నల్లగా ఉంటుంది, తొక్కితే వెలుగుతుంది. బయట మనకు పొద్దు పొడిస్తే అందులోనూ పొడుస్తుంది, ఇక్కడ పొద్దు గుంకితే అక్కడా గుంకుతుంది. అంతే ఆట. ఇక రెక్కల చిరుతలు, ఎగిరే గుర్రాలు ఉండగా డిప్పదున్నని ఎవడెక్కుతాడు? దున్న ఒళ్ళు, తాబేటి డిప్ప, నత్త నడక. ఆటలో చేరగానే ఊరికే ఇచ్చే జంతువది. అందరూ రెండోరోజే దాన్ని వదిలేసి వేరేది చూసుకుంటారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని, ముంతాజ్ మాత్రం దాన్ని వదల్లేదు. దానికి బొంత అనీ, ఆటలో తనకు దబ్బనం అనీ పేరు పెట్టుకుంది.

అంగడి ముందు జనం చేరారు. పక్కన పూలమ్మే నాగులమ్మ బుట్ట వదిలేసి వచ్చింది. అటు పోతున్న ఆటో కూడా ఆగింది. సానియా పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చి వాకిట్లో నిలబడింది. సరిగ్గా అప్పుడే మసీదు నుంచి మధ్యాహ్నపు జొహర్ నమాజు ముగించుకుని హజరత్తయ్య వచ్చాడు.

హజరత్తయ్య అంటే ముంతాజ్ భర్త అల్లాబక్షుకి అన్న. తమ్ముడు పోయాక అంగడికీ ఇంటికీ ఆయనే పెద్దదిక్కు. తెల్ల జుబ్బా, జేబులో జపమాల, ముఖాన చిరునవ్వు అరుదు. మంచివాడే. కాకపోతే తన మంచితనం పదిమందికీ కనబడుతోందా లేదా అని మధ్యమధ్య చూసుకునే రకం.

"ఏందమ్మా ఈ గుంపు?" అన్నాడు.

కిషోర్ బాబు కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద బిగిస్తూ చెప్పాడు. ఉప్పుకయ్య గురించి చెప్పాడు. ఆటలో పడమటి చివరన ఉంటుందది. రాత్రయితే సముద్రం కప్పేస్తుంది, పగలు ఉప్పుబయలు. అక్కడ అడుగు పెట్టిన జంతువుకి ఆకలి పదింతలవుతుంది. మేత తీస్తే చేతిలోనే ఉప్పైపోతుంది. ఎంత బలిసిన జంతువైనా సగం దూరంలో కూలిపోవాల్సిందే. దాని అవతల ఏముందో ఎవరికీ తెలియదు, ఎవరి పటం చూసినా అక్కడ నల్లగానే ఉంది. అలాంటి చోట నడిమధ్యనున్న బండ దాకా పోయి, జెండా పాతి, తిరిగి వచ్చింది దబ్బనం వాళ్ళ డిప్పదున్న.

"ఆటలో దొంగ సరుకు పెట్టుకుంటే తప్ప అట్టా పోవడం కుదరదు సార్. చానల్లో అదే చెప్పినా, ఇప్పుడూ అదే చెప్తుండా."

హజరత్తయ్య చెయ్యి గుండెమీది జేబు మీదికి పోయింది. జపమాల తడుముకోవడం ఆయనకు అలవాటు.

"ఫోన్లో బొమ్మ కోసమా ఇంత రచ్చ? ముంతాజూ, ఆ అబ్బయ్యకి సారీ చెప్పి, ఆ ఆట తీసిపారెయ్యి. అంగడి ముందు ఇట్టా జనం చేరితే ఏం బాగుంటాది?"

"చెయ్యని తప్పుకి సారీ ఎందుకు బావా?"

"చేసినావో లేదో ఎవురికి కావాల? పరువు కావాల."

"నాకు రెండూ కావాల" అంది ముంతాజ్.

నాగులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు కనబడకుండా. కిషోర్ బాబు మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆంటీ పోయి అక్క వచ్చింది.

"అక్కా, నేను తమాషాకి రాలా. నా జూలీ ఆ ఉప్పులోనే పోయింది. రెక్కల చిరుత. రెండేళ్ళు పెంచినా దాన్ని. మా నాయనకి ఆపరేషన్ అవుతుంటే ఆస్పత్రి వరండాలో కూర్చోని కూడా మేత పెట్టినా. నా కళ్ళముందే కూలిపోయింది. దానికి కానిది మీ మొద్దు దున్నకి ఎట్టా అయింది? ఎట్టా పెంచినారో చెప్పండి. చెప్పకపోతే కంప్లయింటు పెడతా. నా చానల్ చూసేవాళ్ళంతా పెడతారు. ఆటవాళ్ళు మీ దున్నని తుడిచేస్తారు. ఇంక మళ్ళీ రాదు."

తుడిచేస్తారు! ముంతాజ్‌కి ఆ మాట దబ్బనంలా దిగింది.

ఎలా పెంచిందో ఆమెకు తెలుసు. అందులో దాచాల్సిన కిటుకేమీ లేదు. దాచాల్సింది ఒకటే మాట, ఎప్పుడు పెంచిందన్నది. సానియా వాకిట్లోంచి కళ్ళతోనే బతిమాలుతోంది, వద్దమ్మా, ఏదో ఒకటి చెప్పి తప్పించుకో అని. పెద్దనాయన పక్కనే ఉన్నాడు మరి. పోయిన నెలే కదా ఆయన నలుగురి ముందు కూర్చుని, "ఇద్దత్ అంటే మా మరదలు పట్టినట్టు పట్టాల. భర్త పోయిన నాటి నించి గడువు తీరే దాంకా గడప దాటలా, లోకం మొఖం చూడలా" అని చెప్పింది! ఊళ్ళో ఆడవాళ్ళకి ముంతాజ్‌ని చూపించి బుద్ధులు చెబుతున్న రోజులివి.

గడప దాటని మాట నిజం. లోకం చూడని మాటే అబద్ధం.

అల్లాబక్షు పోయాక ఆమె వెనకగదిలో కూర్చుంది. గదికి ఒక కిటికీ, కిటికీ అవతల ప్రహరీగోడ. వచ్చినవాళ్ళు ఏడిపించి పోయేవాళ్ళు. రానివాళ్ళ గురించి ఆలోచిస్తే ఇంకా ఏడుపొచ్చేది. తిండి సయించేది కాదు, నిద్ర పట్టేది కాదు. ఒక మధ్యాహ్నం సానియా ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. తెర మీద ఒక దున్న నిలబడి ఉంది, తోక ఊపుతూ. "ఎక్కమ్మా" అంది పిల్ల. ఎక్కింది. దున్న మెల్లిగా నడిచింది. ఒక వాగు వచ్చింది, వాగు దాటితే రెల్లు, రెల్లు దాటితే ఎర్రకాళ్ళ కొంగలు గుంపులు గుంపులుగా లేచాయి. ముంతాజ్ ఆ రోజు ఫోను గుండెకు ఆనించుకుని ఏడ్చింది. అది వేరే ఏడుపు. లోకం ఇంకా ఉందని తెలిసిన ఏడుపు.

ఇప్పుడు ఆ దున్నని కాపాడుకోవాలంటే ఒక్క మాట చెప్పాలి. చెబితే ఆ మాటకు వెనకున్నదంతా బయటపడుతుంది. ఆమె బావగారి ముఖం చూసింది, కెమెరా చూసింది, ఫోన్లో తోక ఊపుతున్న బొంతని చూసింది. సరే కానీ అనుకుంది.

"పెట్టు నీ కెమెరా" అంది. "ఆన్ చేసినావా? అందరూ వినండి. నా పేరు ముంతాజ్. పరుపులు కుడతా. బొంతకి నేను దొంగ సరుకు ఏమీ పెట్టలా. రోజా ఉంచినా."

"రోజానా?"

"ఉపవాసం అబ్బయ్యా. పోయిన రంజాన్ నెలంతా. ఇంట్లో మేమందరం నోరు కట్టుకోని ఉంటే, పగటిపూట దానికొక్కదానికీ మేత పెట్టడానికి నాకు చెయ్యి రాలా. తెల్లారకముందు సహరీకి మాతోపాటు పెట్టినా. పొద్దుగూకినాక మసీదులో అజా వినబడినప్పుడు, నా నోట్లో ఖర్జూరం, దాని నోట్లో గడ్డి. మధ్యలో ఏమీ లేదు. డొక్కలు ఎండిపోయినాయి దానికి. ఆటలో వాళ్ళంతా తిట్టినారు, చంపేస్తావా అని. పండగనాటికి దాని డిప్ప తెల్లబడిపోయింది. నాసిరకం గుడ్డకి రంగు దిగినట్టు ఇదీ దిగిపోయిందే అనుకున్నా నేను. ఉప్పులో దిగినాక తెలిసింది, పగలు ఎంత నడిచినా దానికి ఆకలే కాదని."

కిషోర్ బాబు కెమెరా వెనకనుంచి తల బయటికి పెట్టాడు. వాడి ముఖంలో కోపం లేదు, లెక్క తేలినవాడి ముఖం అది. ఎన్ని లక్షలమంది ఆడుతున్నా, నెలరోజులపాటు కన్నబిడ్డలాంటి జంతువుని పగలంతా పస్తుంచే పని ఎవరు చేస్తారు? కానీ ఆ మాట అనేలోపు ఇంకో గొంతు లేచింది.

"పోయిన రంజానా?" అన్నాడు హజరత్తయ్య. "పోయిన రంజాన్‌కి నువ్వు ఇద్దత్‌లో ఉండావు."

"అవును బావా."

"నా తమ్ముడు మట్టిలో పడుకోని ఉంటే, నువ్వు దున్ననెక్కి ఊరేగతా ఉండావా?"

రాకెట్ పోయిన రోజు అంగడి రేకులు అదిరినట్టు అదిరింది ఆ మాట. నాగులమ్మ నవ్వు మానేసింది. సానియా ఏడుపు మొదలుపెట్టింది. కానీ నిండా మునిగినవాడికి చలేమిటి? ముంతాజ్ లేచి నిలబడింది.

"ఊరేగలా బావా. తిరిగినా. గడప దాటలా. పూలు పెట్టలా, పరాయి మొఖం చూడలా. మీరు చెప్పింది ఒక్కటి తప్పలా. మీరు మగోళ్ళు. మసీదుకి పోయినారు, అంగట్లో కూర్చున్నారు, టీ కాడ నలుగురితో ఆయన మాట చెప్పుకోని కళ్ళు తుడుచుకున్నారు. నాకు నాలుగు గోడలు. గోడలతో మాట్లాడితే పిచ్చిదంటారు. నేను బొంతతో మాట్లాడినా. ఆయన పోయినాక మళ్ళీ నేను మొదట నవ్వింది దాని మీద కూర్చోనే. అది తప్పంటే ఆ లెక్క నేను దేవుడికి చెప్పుకుంటా. మీకు మాత్రం సారీ చెప్పను. ఆట తియ్యను. దున్నని ఇయ్యను."

హజరత్తయ్య నోరు తెరిచాడు. ఆయన మాట బయటికి రాకముందే ఇంట్లోంచి లాల్‌బీ వచ్చింది. అల్లాబక్షు తల్లి, హజరత్తయ్యకీ తల్లే. గోడ పట్టుకుని నడుస్తుంది, కానీ గొంతుకి గోడ అక్కర్లేదు.

"ఏరా హజరత్తూ! కొడుకు పోయింది నాకు. నాకు లేని కోపం నీకెందుకురా? దాని పక్కన పడుకునింది నేను. దున్న యాడ దాంకా పోయిందిమే అని రోజూ అడిగింది నేను. మూగజీవికి రోజా ఏందిమే, పాపం, గడ్డెయ్యి అని తిట్టింది కూడా నేనే. వినిందా? మొండిది! నన్నడుగు, దాన్నెందుకు అడుగుతావు?"

హజరత్తయ్య చెయ్యి జేబు మీద వేసుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ముంతాజ్ కిషోర్ బాబు వైపు తిరిగింది. "నా ఫోన్లో దొంగ సరుకు ఉండాదంటివి గదా. నీ ఫోనియ్యి. నీ దాంట్లోనే నా పేరుతో తెరువు. నీ కళ్ళముందే, నీ చేతిలోనే దాటిస్తా. ఈసారి సగానికి కాదు, అవతలి దాంకా. దాటితే నీ చానల్లో నువ్వు సారీ చెప్పాల."

"చెప్తా అక్కా. ఒట్టు" అన్నాడు వాడు, ఫోను ఇస్తూ.

బొంత ఉప్పుకయ్యలో దిగింది. కిషోర్ బాబు ఒక పక్క, సానియా ఒక పక్క, వెనకనుంచి నాగులమ్మ. తెర నిండా తెలుపు, వేసవిలో పులికాట్ ఎండినప్పుడు శ్రీహరికోట రోడ్డుకి రెండు వైపులా కనబడే తెలుపు. మూలనున్న ఆకలి గీత కదలలేదు. దారిలో ఒకచోట ఉప్పులో కూరుకుపోయిన రెక్క కనబడితే కిషోర్ బాబు ముఖం తిప్పుకున్నాడు. అది జూలీయే అయ్యుండాలి. ముంతాజ్ బొంతని పక్కనుంచి నడిపింది. నడిమి బండ వచ్చింది, పోయినసారి ఆమె పాతిన జెండా అక్కడే రెపరెపలాడుతోంది. ఆమె దాన్ని దాటింది. ఇక్కడినుంచి అంతా నలుపే. దారి రెండుగా చీలింది. ఆమె కుడికి తిప్పింది.

"ఎడంపక్క పో. కుడిపక్క ఊబి" అన్నారెవరో.

వేలు దానంతటదే ఎడమకు తిరిగింది. తిరిగిన మరుక్షణం కుడివైపు ఉప్పు పెంకు విరిగి లోపలికి కుంగిపోయింది. అందరూ అబ్బా అన్నారు. చెప్పిందెవరని తలెత్తి చూసే తీరిక ముంతాజ్‌కి లేదు. చానల్లో లైవ్‌గా చూస్తున్నవాళ్ళ మెచ్చుకోళ్ళు వానలా పడుతున్నాయని సానియా తన ఫోనులో చదివి చెబుతోంది, అదీ ఆమె చెవికెక్కడం లేదు.

తెలుపు అయిపోయింది. బొంత కాళ్ళకింద తడి ఇసుక, ఆపైన పచ్చగడ్డి. పటంలో నలుపు విడిపోయి ఒడ్డంతా వెలుగులోకి వచ్చింది. కిషోర్ బాబు తన ఓటమిని మరిచి ఎగిరి గంతేశాడు. "సారీ అక్కా! అందరూ చూడండి, దబ్బనం అక్కకి సారీ! మొదట దాటింది ఈమె!"

"మొదట కాదు" అంది ముంతాజ్ నెమ్మదిగా.

గడ్డిలో ఇంకో డిప్పదున్న నిలబడి ఉంది, యజమాని ఆట మూసి ఎక్కడ వదిలితే అక్కడే ఉండే తీరులో. బొంత డిప్పలాగే దాని డిప్పా తెల్లగా ఉంది. ఆ తెలుపు ఎలా వస్తుందో ముంతాజ్ లోకానికి ఇప్పుడే చెప్పింది. చెప్పకముందే తెలిసినవాళ్ళు ఒకరున్నారన్నమాట. నెలంతా పగలు పస్తుంచి, పొద్దుగూకాక మేపి, ఎవరికీ చెప్పకుండా ఇక్కడిదాకా వచ్చిపోయినవాళ్ళు.

దగ్గరికి పోతే, దున్న తలపైన సవారీ చేసేవాళ్ళ పేరు తేలింది.

అల్లాబక్షు.

సానియా "నాయన" అంది, ఊపిరి లేనట్టుగా. ఆయన ఈ ఆట ఏనాడూ ముట్టలేదు. ఉన్నన్నాళ్ళూ ఫోను మాట్లాడటానికి తప్ప వాడలేదు. చనిపోయిన మనిషి పేరు పెట్టుకుని, ఆయన పోయాక వచ్చిన రంజాన్‌లో దున్నని రోజా ఉంచింది ఎవరు? ముంతాజ్‌కి భయమేసింది, కోపమూ వచ్చింది. పెదవి బిగబట్టి కొమ్ము మీద వేలు నొక్కింది.

కిషోర్ బాబు ఫోను రంకె వేసింది. ఒక్క క్షణం ఆగి, అంగడిలోంచే ఇంకో రంకె లేచింది. సానియా ఫోను ఆమె చేతిలో గమ్మున ఉంది. అందరూ గోడవైపు చూశారు.

హజరత్తయ్య రెండు చేతులతో జుబ్బా జేబు నొక్కి పట్టుకుని ఉన్నాడు. ఆయన ఎంత నొక్కితే అది అంత గట్టిగా అరుస్తోంది.

లాల్‌బీ గోడ వదిలేసి కొడుకు ముందుకు నడిచింది.

"తియ్యిరా హజరత్తూ" అంది. "మరదలు సలాం చెప్తుండాది. పలకాల గదా."